నవ్వుకు ఎదురు నిలిచిన మహాకాయుడు

పాఠ్యభాగ ఉద్దేశం

సినిమా సమష్టి కళ. ఒక చిత్రం విజయం పొందినప్పుడు కీర్తి నాయకుడికి దక్కుతుంది. ఆ విజయానికి తోడ్పడిన సహాయనటుల కృషి తరచుగా మరుగున పడుతుంది. మూకీ చిత్రాల కాలంలో చార్లీ చాప్లిన్ హాస్యచిత్రాలలో ప్రతినాయక పాత్రలు ధరించిన ఎరిక్ క్యాంప్‌బెల్ నటజీవితాన్ని పరిచయం చేయడం, హాస్యరస పోషణలో ప్రతినాయకుడి స్థానాన్ని వివరించడం, సమష్టి కృషిలో ప్రతి ఒక్కరి పాత్రను గుర్తించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

రథం పరుగు తీస్తున్నప్పుడు చూసేవారి చూపు రథికుడి మీద నిలుస్తుంది. గుర్రాల వేగాన్ని, పతాకం రెపరెపలను మెచ్చుకొంటారు. చక్రాల నడుమ బరువంతా మోసే ఇరుసును ఎవరూ గమనించరు. కళారంగంలో సహాయనటుడి స్థితి ఇటువంటిదే. ప్రేక్షకుడు నాయకుడిని చూసి నవ్వుతాడు, ఏడుస్తాడు, ఇంటికి వెళ్ళిన తరువాత కూడా అతడినే తలచుకొంటాడు. ఆ నవ్వుకూ ఆ కన్నీటికీ ఆధారంగా నిలిచిన మరొక నటుడి పేరు అతడికి తెలియనే తెలియదు.

బిగువైన కోటు, వదులు పంట్లాము, చిన్న టోపీ, చేతిలో వెదురు కర్ర, ముక్కు కింద చిటికెడు మీసం - ఈ రూపం చెప్పగానే చార్లీ చాప్లిన్ గుర్తుకు వస్తాడు. 1889లో లండన్‌లో జన్మించి, కటిక పేదరికంలో పెరిగి, అమెరికా చేరి ప్రపంచాన్ని నవ్వించిన మహానటుడు చాప్లిన్. అతడు సృష్టించిన దేశదిమ్మరి పాత్ర పొట్టిది, బక్కది, నిరుపేదది. అటువంటి అల్పప్రాణి ఎవరిని ఎదిరించి గెలిచాడు? ఎవరి పట్టు నుంచి జారిపోయి ప్రేక్షకుల చేత చప్పట్లు కొట్టించాడు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదికితే 1916, 1917 సంవత్సరాల చిత్రాలలో ఒకే వ్యక్తి మళ్ళీ మళ్ళీ కనిపిస్తాడు. ఆరడుగులు మించిన ఎత్తు, దాదాపు మూడువందల పౌన్ల బరువు, పైకి ఎగబాకే దట్టమైన కనుబొమలు, ఉరిమిచూసే కళ్ళు గల ఆ మహాకాయుడే ఎరిక్ క్యాంప్‌బెల్.

క్యాంప్‌బెల్ పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదంలో బ్రిటన్‌లో జన్మించాడు. సినిమాలోకి రాకముందే అతడు రంగస్థల నటుడిగా అనుభవం గడించాడు. ఆనాటి బ్రిటన్‌లో ఫ్రెడ్ కార్నో అనే ప్రదర్శన నిర్వాహకుడి నాటక బృందాలు మాటలకన్న చేష్టలకు ప్రాధాన్యమిచ్చే హాస్యప్రదర్శనలకు పేరు పొందాయి. చాప్లిన్ ఆ పాఠశాలలోనే రాటుదేలాడు. క్యాంప్‌బెల్ కూడా కార్నో బృందాలలో పనిచేసినవాడే. ఎప్పుడు అడుగు వేయాలో, ఎప్పుడు ఆగాలో, ఎదుటివాడి చేష్టకు ఎంతసేపటికి ప్రతిచేష్ట చూపాలో కార్నో బృందంలోని నటులకు వెన్నతో పెట్టిన విద్య. తరువాతి కాలంలో చాప్లిన్, క్యాంప్‌బెల్ కెమెరా ముందు ఒకరి మనసు ఒకరు ఎరిగినట్లు నటించగలగడానికి ఈ సమానమైన శిక్షణ ఒక కారణం.

చాప్లిన్ 1914లో కీస్టోన్ సంస్థ చిత్రాలతో వెండితెరకు పరిచయమై, 1915లో ఎస్సనే సంస్థలో పనిచేసి, 1916లో మ్యూచువల్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకొన్నాడు. వారానికి 10,000 డాలర్ల వేతనం, దానికి అదనంగా 1,50,000 డాలర్ల బోనస్ - అంటే ఏడాదికి 6,70,000 డాలర్లు. ఆనాటికి అది కనీవినీ ఎరుగని మొత్తం. ఇందుకు ప్రతిగా అతడు పన్నెండు చిత్రాలు తీసి ఇవ్వాలి. ఒక్కొక్కటి రెండు రీళ్ళ చిత్రం; తెరమీద ఇరవై నుంచి ఇరవైఅయిదు నిమిషాలు మాత్రమే నడుస్తుంది. ఈ చిత్రాల కోసం చాప్లిన్ ఒక స్థిరమైన నటబృందాన్ని కూర్చుకొన్నాడు. నాయిక ఎడ్నా పర్వియన్స్, ఆల్బర్ట్ ఆస్టిన్, హెన్రీ బెర్గ్‌మన్, జాన్ రాండ్ మొదలైనవారు అందులో ఉన్నారు. అమెరికా రంగస్థలం మీద నటిస్తున్న క్యాంప్‌బెల్‌ను కూడా చాప్లిన్ ఈ బృందంలో చేర్చుకొన్నాడు.

మ్యూచువల్ చిత్రాలు పన్నెండింటిలో పదకొండింట క్యాంప్‌బెల్ నటించాడు. మిగిలిన 'వన్ ఎ.ఎమ్.' దాదాపు ఆసాంతం చాప్లిన్ ఒక్కడే కనిపించే చిత్రం. కాబట్టి ప్రతినాయకుడికి చోటున్న ప్రతి చిత్రంలోనూ క్యాంప్‌బెల్ ఉన్నాడన్నమాట. 'ది ఫ్లోర్‌వాకర్'లో అతడు సొమ్ము కాజేయజూసే దుకాణం మేనేజరు. 'ది ఫైర్‌మన్'లో అగ్నిమాపక దళాధిపతి. 'ది వేగబాండ్'లో కొరడా ఝళిపించే జిప్సీల నాయకుడు. 'ది కౌంట్'లో దొరవేషం వేసి విందుకు వెళ్ళే దర్జీ. 'ది పాన్‌షాప్'లో దొంగ. 'ది రింక్'లో చక్రాల బూట్లతో తూలిపడే స్థూలకాయుడు. 'ది క్యూర్'లో వాతంతో ఉబ్బిన కాలికి పెద్ద కట్టు కట్టుకొన్న రోగి. 'బిహైండ్ ది స్క్రీన్' చిత్రంలో అతడి పాత్ర పేరు గోలియత్. చాప్లిన్ పాత్ర పేరు డేవిడ్. గోలియత్ అనే భీకరకాయుడిని డేవిడ్ అనే బాలుడు వడిసెల రాయితో కూల్చాడని బైబిల్ చెబుతుంది. ఆ చిత్రంలో బరువులన్నీ డేవిడ్ మోస్తుంటే గోలియత్ కునుకు తీస్తాడు. పైఅధికారి మెప్పు మాత్రం గోలియత్‌కే దక్కుతుంది. తెరమీది కథ ఇలా ఉండగా తెర వెలుపలి కథ తలకిందులైంది. అక్కడ బరువు మోసినవాడు గోలియత్.

అభినయం ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. మూకీ చిత్రంలో వాచికానికి తావు లేదు. నటుడు దేహంతో, వేషంతో, ముఖంలో పొటమరించే భావంతోనే పాత్రను నిలబెట్టాలి. క్యాంప్‌బెల్ ఆహార్యంలో కనుబొమలు ప్రధానమైనవి. వాటిని దట్టంగా, వంకరగా దిద్దడం వల్ల దూరం నుంచి చూసినా ముఖంలో కోపం స్పష్టంగా కనిపించేది. కొన్ని పాత్రలకు గుబురు గడ్డం దీనికి తోడయ్యేది. ఇక ఆంగికం. దాదాపు ఐదడుగుల అయిదంగుళాల చాప్లిన్ పక్కన అతడు నిలబడితే చాలు, మాట అక్కరలేకుండానే బలవంతుడెవరో బలహీనుడెవరో ప్రేక్షకుడికి తెలిసిపోయేది. కథను ఇరవై నిమిషాలలో ముగించవలసిన దర్శకుడికి ఇది ఎంతో వెసులుబాటు. పాత్రల పరిచయానికి వ్యయం కావలసిన కాలం హాస్యానికి మిగిలేది.

హాస్యరసానికి స్థాయిభావం హాసం. వికృతమైన వేషం, ధార్ష్ట్యం, లౌల్యం, అసంబద్ధ ప్రలాపం మొదలైనవి దానికి విభావాలని శాస్త్రం. హాస్యం ఆత్మస్థమని, పరస్థమని రెండు విధాలు. తాను నవ్వితే ఆత్మస్థం. ఇతరులను నవ్విస్తే పరస్థం. ఈ విభజన క్యాంప్‌బెల్ నటనను అర్థం చేసుకోవడానికి చక్కగా ఉపకరిస్తుంది. అతడు నవ్వించాలనే తాపత్రయం చూపడు. ప్రేక్షకుల వైపు తిరిగి కన్ను గీటడు. హాస్యచిత్రంలో ఉన్నానన్న స్పృహే లేనట్లు, గంభీరమైన విషాద నాటకంలో దుష్టపాత్ర ధరించినట్లు నటిస్తాడు. అతడి కోపం నిజమైన కోపం. అతడి పిడికిలి నిజమైన పిడికిలి. అందుకే అతడి నుంచి చాప్లిన్ తప్పించుకొన్న ప్రతిసారీ ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకొంటాడు. ఆ ఊపిరే నవ్వుగా వెలువడుతుంది. భయం లేని చోట ఉపశమనం ఉండదు. ఉపశమనం లేని చోట ఇటువంటి నవ్వు పుట్టదు.

1917 జనవరిలో విడుదలైన 'ఈజీ స్ట్రీట్' ఇందుకు ప్రబలమైన ఉదాహరణ. ఒక మురికివాడ. అక్కడ ఒక దౌర్జన్యపరుడు రాజ్యమేలుతుంటాడు. పోలీసులు ఆ వీధిలో అడుగుపెట్టడానికి జంకుతారు. తిండికి గతిలేని దేశదిమ్మరి ఆ కొలువులో చేరి గస్తీకి వస్తాడు. దౌర్జన్యపరుడు ఎదురుపడతాడు. కొత్త పోలీసు లాఠీతో అతడి తలమీద కొడతాడు. చీమ కుట్టినట్లయినా ఉండదు. మళ్ళీ కొడతాడు, ఫలితం అదే. దౌర్జన్యపరుడు తన బలం చూపించడానికి వీధిలోని గ్యాసుదీపపు స్తంభాన్ని చేతులతో వంచుతాడు. దీపం కిందికి రాగానే చార్లీ అతడి వీపు మీదికి ఎగిరి, దీపపు గూడును తలకు తొడిగి గ్యాసు వదులుతాడు. మహాకాయుడు మత్తులో కూలిపోతాడు. శస్త్రచికిత్సకు ముందు మత్తుమందు ఇచ్చే వైద్యుడిలా చార్లీ నాడి పట్టి చూసి, చాలదనుకొని ఇంకొంచెం గ్యాసు పడతాడు.

ఈ దృశ్యంలో కదలికలూ చమత్కారమూ చాప్లిన్‌వే. కాని నవ్వుకు పునాది వేసింది క్యాంప్‌బెల్ చూపిన నిశ్చలత. లాఠీదెబ్బ తగిలినప్పుడు అతడు కనురెప్పయినా ఆర్పడు. ఏ మాత్రం చలించినా, కొంచెం బాధ నటించినా దౌర్జన్యపరుడు అజేయుడనే భ్రాంతి చెదిరిపోయేది. అజేయుడు కానివాడిని గెలిస్తే అందులో వింత ఏముంది? ఏమీ చేయకుండా నిలబడడం కూడా నటనలో ఒక భాగమని, అది కష్టసాధ్యమైన భాగమని ఈ సన్నివేశం నిరూపిస్తుంది. స్తంభంతో ముడిపడిన ఈ ఘట్టం చిత్రీకరణలో దీపం మీదపడి చాప్లిన్ ముక్కుకు గాయమైంది. తెరమీద తేలికగా సాగిపోయే హాస్యం వెనుక నటుల దేహాలకు ఎంతటి ప్రమాదం పొంచి ఉండేదో దీనివల్ల తెలుస్తుంది.

ప్రతినాయకుడి విలువను ఇంతకన్న స్పష్టంగా తెలిపే మరొక నిదర్శనం ఉంది. అది అదే సంవత్సరం జూన్‌లో విడుదలైన 'ది ఇమ్మిగ్రెంట్' చిత్రానికి సంబంధించినది. చేతిలో చిల్లిగవ్వ లేని వలసదారుడు భోజనశాలకు వెళతాడు. వాకిట దొరికిన ఒక నాణెమే అతడి ధైర్యం. అది జేబు చిల్లులోంచి జారిపోయిన సంగతి అతడు ఎరగడు. పక్క బల్ల దగ్గర పది సెంట్లు తక్కువైన ఒక గిరాకీని వడ్డనవాళ్ళందరూ కలిసి చితకబాది బయటికి గెంటివేస్తారు. అది చూసిన తరువాత తన జేబు ఖాళీ అని అతడు గ్రహిస్తాడు. ఆపైన నేలమీద నాణెం కనిపించడం, దానిని కాలికింద దాచడం, చివరకు చేతికి చిక్కించుకొని చెల్లించబోతే పెద్ద వడ్డనవాడు పంటితో కొరికి అది చెల్లని నాణెమని తేల్చడం - ఇలా క్షణక్షణం ఉత్కంఠ పెరుగుతుంది.

ఆ పెద్ద వడ్డనవాడి పాత్రకు చాప్లిన్ మొదట ఎంచుకొన్న నటుడు హెన్రీ బెర్గ్‌మన్. అతడితో కొంత చిత్రీకరణ జరిగింది కూడా. చాప్లిన్ వాడకుండా వదిలివేసిన ఫిల్ము ముక్కల ఆధారంగా 1983లో రూపొందిన 'అన్‌నోన్ చాప్లిన్' అనే డాక్యుమెంటరీ ఈ సంగతిని వెల్లడించింది. బెర్గ్‌మన్ ప్రతిభావంతుడే. కాని అతడిని చూస్తే భయం పుట్టదు. బిల్లు చెల్లించలేకపోతే ఏమవుతుందో అన్న గుబులు లేనప్పుడు నాణెం కోసం పడే పాట్లకు అర్థం లేదు. చాప్లిన్ జరిగిన చిత్రీకరణను పక్కన పెట్టి, క్యాంప్‌బెల్‌ను ఆ పాత్రలోకి తెచ్చి, సన్నివేశాన్ని మళ్ళీ తీశాడు. బెర్గ్‌మన్‌కు అదే భోజనశాలలో చిత్రకారుడి పాత్ర ఇచ్చాడు. కథ మారలేదు, స్థలం మారలేదు, నాయకుడు మారలేదు. ఎదుటి పాత్రధారి మారాడు, దృశ్యం బతికింది. సహాయనటుడి స్థానం ఎంతటిదో చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

ప్రేక్షకుడి మనస్తత్త్వాన్ని చాప్లిన్ బాగా ఎరిగినవాడు. దర్పంతో మెలిగేవారు, ధనవంతులు చిక్కుల్లో పడితే సామాన్యులు సంతోషిస్తారని అతడు 1918లో ఒక వ్యాసంలో వివరించాడు. 'ది అడ్వెంచరర్'లో డాబు మీద నుంచి జారిన ఐస్‌క్రీం ఒక సంపన్న స్త్రీ మెడ మీద పడుతుంది. ఒక పేద పనిమనిషి మీద పడితే జనం నవ్వడానికి బదులు జాలిపడేవారని ఆ వ్యాసంలో అతడి అభిప్రాయం. దీనిని బట్టి క్యాంప్‌బెల్ పాత్రల సామాజిక స్వభావం తేటపడుతుంది. దుకాణం మేనేజరు, దళాధిపతి, పెద్ద వడ్డనవాడు, వీధి రౌడీ - వీరందరూ పేదవాడి బతుకులో రోజూ ఎదురయ్యే అధికారానికి ప్రతిరూపాలు. ఆనాటి చిత్రశాలలలో కూర్చున్న కార్మికులకు, వలస వచ్చినవారికి అటువంటి మనుషులు సుపరిచితులు. నిజజీవితంలో తాము ఎదిరించలేని వారిని తెరమీద ఒక బక్కవాడు బోల్తా కొట్టించడం చూసి వారు మనసారా నవ్వారు.

హాస్యమూ క్రౌర్యమూ ఒకే పాత్రలో ఇమడడం భారతీయ నాటకానికి కొత్త కాదు. శూద్రకుడి 'మృచ్ఛకటికం'లో రాజుగారి బావమరిది శకారుడు ఇటువంటి పాత్ర. అతడి మాటతీరు నవ్వు పుట్టిస్తుంది; వసంతసేన గొంతు నులమడానికి వెనుకాడని అతడి క్రౌర్యం భయం పుట్టిస్తుంది. శకారుడు మాటలతో నవ్విస్తే క్యాంప్‌బెల్ మౌనంతో నవ్వించాడు. మరొక పోలిక కూడా గమనింపదగినది. నాటకాంతంలో చారుదత్తుడు శకారుడిని క్షమించి విడిపిస్తాడు. 'ఈజీ స్ట్రీట్' ముగింపులో దౌర్జన్యపరుడు సాధువుగా మారి, శుభ్రమైన దుస్తులు ధరించి, భార్యతో కలిసి ప్రార్థనామందిరానికి వస్తాడు. దుష్టుడిని అంతం చేయడంకన్న అతడిలోని దుష్టత్వాన్ని తొలగించడమే హాస్యానికి తగిన ముగింపు. అంతవరకు భయపెట్టిన ముఖంలో మర్యాద తొణికిసలాడడం చూస్తే, క్యాంప్‌బెల్ ఒక్క క్రౌర్యానికే పరిమితమైన నటుడు కాడని అర్థమవుతుంది.

తెరమీద ఇతరులను గడగడలాడించిన ఈ నటుడిని జీవితం కఠినంగా పరీక్షించింది. 1917 జూలైలో అతడి భార్య ఆకస్మికంగా మరణించింది. ఆ దుఃఖం చల్లారకముందే కుమార్తె రోడ్డు ప్రమాదంలో తీవ్రంగా గాయపడింది. కొద్ది నెలలకే చేసుకొన్న రెండవ వివాహం విఫలమై న్యాయస్థానానికి ఎక్కింది. ఇన్ని కష్టాల నడుమ, ఆ సంవత్సరం అక్టోబరులో విడుదలైన 'ది అడ్వెంచరర్'లో అతడు ఎప్పటి దర్పంతోనే కనిపిస్తాడు. 1917 డిసెంబరు 20న లాస్ ఏంజెలెస్‌లో కారు ప్రమాదంలో క్యాంప్‌బెల్ కన్నుమూశాడు. అప్పటికి అతడికి నలభై ఏళ్ళయినా నిండలేదు. చాప్లిన్‌తో అతడి చిత్రజీవితం రెండేళ్ళు కూడా నిండలేదు. అతడి చితాభస్మం చాలా ఏళ్ళు ఎవరికీ పట్టకుండా ఉండిపోయి, చివరకు 1952లో లాస్ ఏంజెలెస్‌లోని రోజ్‌డేల్ శ్మశానవాటికకు చేరింది. కోట్ల మందిని నవ్వించిన చిత్రాలలో పాలుపంచుకొన్న నటుడికి పిడికెడు నేల దక్కడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

1917లోనే చాప్లిన్ ఫస్ట్ నేషనల్ సంస్థతో పది లక్షల డాలర్ల ఒప్పందం కుదుర్చుకొన్నాడు. ఆ తరువాత 'ది కిడ్' (1921), 'ది గోల్డ్ రష్' (1925), 'సిటీ లైట్స్' (1931) వంటి అజరామర చిత్రాలు నిర్మించాడు. వాటిలో బలిష్ఠులైన ప్రత్యర్థులు లేకపోలేదు. అయితే పదకొండు చిత్రాలలో ఒకే మహాకాయుడిని ఎదుట నిలుపుకొన్న అవకాశం అతడికి మళ్ళీ లభించలేదు. క్యాంప్‌బెల్ స్థానంలో మరొకరు స్థిరపడలేదు. చాప్లిన్ కథలు కూడా క్రమంగా మారాయి; ఆకలి, అనాథత్వం, యంత్రనాగరికత వంటి ఆకారం లేని ప్రత్యర్థులు వాటిలో ప్రధానమయ్యాయి. మనిషి రూపంలో ఉన్న శత్రువు మత్తులో పడతాడు, తప్పులో కాలువేస్తాడు, అవసరమైతే మారతాడు. ఆకారం లేని శత్రువుతో పోరు అంత సులభం కాదు. అందుకే మ్యూచువల్ చిత్రాలలోని నవ్వు నిష్కల్మషంగా, తరువాతి చిత్రాలలోని నవ్వు కన్నీటితో తడిసినట్లుగా అనిపిస్తుంది.

క్యాంప్‌బెల్‌కు ఆలస్యంగానైనా కొంత గుర్తింపు లభించింది. అతడి జీవితాన్ని గురించి 1996లో 'చాప్లిన్స్ గోలియత్' అనే డాక్యుమెంటరీ వెలువడింది. ఆ పేరులో కూడా ముందు నిలిచింది చాప్లినే. అయినా అందులో అనౌచిత్యం లేదు. సహాయనటుడి ధర్మమే అది. తన బలాన్ని చూపి, ఆ బలం ఓడిపోవడానికి అంగీకరించి, ఎదుటివాడి గెలుపును నమ్మదగినదిగా చేయడం అతడి కళ. ఓడిపోయే పాత్రను ఓడిపోనివాడిలా నటించాలి. దీనికి దేహబలం ఒక్కటే చాలదు. అహంకారాన్ని అదుపులో ఉంచుకోగల సంస్కారం కావాలి.

చిన్నవాడి విజయం పెద్దవాడి ఎత్తును బట్టి కొలవబడుతుంది. ఎరిక్ క్యాంప్‌బెల్ నిటారుగా నిలబడ్డాడు కాబట్టే చార్లీ చాప్లిన్ అంత ఎత్తుకు ఎగిరాడు. నాటకంలోనైనా, క్రీడలోనైనా, కార్యాలయంలోనైనా వెలుగులో నిలిచినవారిని మెచ్చుకొనేటప్పుడు ఆ వెలుగుకు ఆధారమైనవారిని కూడా ఒకసారి తలచుకోవడం సహృదయుల లక్షణం.

కఠిన పదాలు - అర్థాలు

మహాకాయుడు = పెద్ద శరీరం గలవాడు
ఇరుసు = చక్రాలను కలిపే కడ్డీ
ఆహార్యం = వేషధారణ
ధార్ష్ట్యం = సిగ్గులేని తెగువ
లౌల్యం = అత్యాశ, చాపల్యం
ప్రలాపం = అర్థంలేని మాట
విభావం = రసం కలగడానికి కారణమైనది
వడిసెల = రాళ్ళు విసిరే సాధనం
దర్పం = గర్వం
అజరామరం = ముసలితనం, చావు లేనిది

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. హాస్యరస పోషణలో ప్రతినాయకుడి స్థానాన్ని ఎరిక్ క్యాంప్‌బెల్ నటన ఆధారంగా వివరించండి.
2. మ్యూచువల్ చిత్రాలలో క్యాంప్‌బెల్ ధరించిన పాత్రలను పేర్కొని, వాటి సామాజిక స్వభావాన్ని చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. 'ఈజీ స్ట్రీట్'లోని దీపస్తంభం సన్నివేశాన్ని వర్ణించండి.
2. 'ది ఇమ్మిగ్రెంట్'లో చాప్లిన్ నటుడిని ఎందుకు మార్చాడు?
3. శకారుడికి, క్యాంప్‌బెల్ పాత్రలకు గల పోలికలు తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. చతుర్విధాభినయాలు ఏవి?
2. ఆత్మస్థ, పరస్థ హాస్యాల భేదమేమిటి?
3. క్యాంప్‌బెల్ నటించని మ్యూచువల్ చిత్రం ఏది?
4. 'బిహైండ్ ది స్క్రీన్'లో చాప్లిన్ పాత్ర పేరేమిటి?